కంపెనీ చట్టమును, వాటాదారుల మెలకువయు

ఖమ్మమునుండి వైరా, తల్లాడల మీదుగా సత్తుపల్లికి బోవు బాటపై కల్లూరు గలదు. దానికి తూర్పున సత్తుపల్లికడ సింగరేణివారి బొగ్గుగనులు, ఆవల అశ్వారావుపేట, దమ్మపేటల పామాయిలు తోటలు, వానికి నుత్తరముగ భద్రాచలపు టడవులు. ఈ సీమ రైతునకు తాతముత్తాతల నాటినుండి తెలిసిన ఉమ్మడి వ్యవహారములు కొన్ని గలవు: చెరువు మరమ్మతు, దేవాలయపు మాన్యము, ఆపిమ్మట వచ్చిన సహకార పరపతి సంఘము. పదిమంది సొమ్ము ఒకని చేతిలో నుండుట యెట్టిదో, ఆతనిని లెక్క యడుగుట యెంత యవసరమో వీని మూలమున నాతడు చక్కగ నెరుగును. ఇప్పుడు వీనికి తోడు మరియొకటి యాతని వాకిటికి వచ్చినది. అది కంపెనీ. రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో నాతడు సభ్యుడు. పట్టణమున నుద్యోగము చేయు కుమారుని ద్వారమున ఏదో యొక కంపెనీకి వాటాదారుడు. సింగరేణి ప్రభుత్వ సంస్థ యగుటచే పౌరుడుగా దానికిని ఒకవిధముగ యజమాని. ఇన్ని విధముల యజమాని యయ్యును, ఆతడు లెక్క యడుగుట మానివేసెను. దేవాలయపు ధర్మకర్తను రచ్చబండకడ నిలదీయువాడు కంపెనీ డైరెక్టరు పంపిన కాగితమును చదువకయే చేవ్రాలు చేయుచున్నాడు. ఈ వైపరీత్యమును గూర్చి కొంత విచారింప దలచితిమి.

కంపెనీ యననేమి?

చట్టము దృష్టిలో కంపెనీ యొక వ్యక్తి. దానికి దేహము లేదు. కాని ఆస్తి గలదు, అప్పు గలదు, వ్యాజ్యము వేయు హక్కు గలదు, మరణము లేని యాయువు గలదు. వాటాదారుడు తాను చెల్లింపవలసిన వాటా ధనమునకు మించి కంపెనీ అప్పులకు బాధ్యుడు కాడు. ఈ పరిమిత బాధ్యతా సూత్రము ఇంగ్లండున 1855లోను, మన దేశమున 1857లోను శాసనమయ్యెను. దీనివలన గొప్ప మేలు కలిగినది. ఇల్లు వాకిలి పోగొట్టుకొందుమను భయము లేకుండ వేలమంది తమ చిన్న మొత్తములను గూర్చి, ఒక్కడు చేయజాలని మహాకార్యములను చేయ సాధ్యమయ్యెను. రైలుమార్గములు, గనులు, మిల్లులు ఇట్లే పుట్టినవి.

కాని యీ మేలులోనే చిక్కును గలదు. సొమ్ము ఒకరిది, పెత్తనము మరియొకరిది. వ్యాపారము చెడినచో, దానిని నడిపినవాని ఇంటికి ఋణదాత పోజాలడు. ఇట్టి వెసులుబాటు నిచ్చిన చట్టము దానికి ప్రతిఫలముగ ఒక్క షరతును విధించినది: దాపరికము కూడదు. మూలధన మెంత, వాటాదారు లెవరు, డైరెక్టర్లెవరు, ఆస్తి యప్పుల స్థితి యేమి - ఇవన్నియు వ్రాతమూలముగ నుంచవలెను. రిజిస్ట్రారునకు దాఖలు చేయవలెను. ఏటేట సభ్యుల యెదుట బెట్టవలెను. 1866, 1882, 1913, 1956, 2013 సంవత్సరముల కంపెనీ చట్టములన్నియు ఈ యొక్క షరతునకు వ్యాఖ్యానములే యని చెప్పవచ్చును. ప్రతి చట్టమునకును వెనుక ఏవో కొన్ని మోసములును, వానిచే నష్టపడిన కుటుంబముల కన్నీరును ఉన్నవి. మన సీమయే యిందుకు నిదర్శనము.

ఇల్లెందు బొగ్గు - లండను వాటాలు

1871 ప్రాంతమున భారత భూగర్భ పరిశోధనశాఖకు జెందిన విలియము కింగు ఇల్లెందు సమీపమున బొగ్గు గలదని కనుగొనెను. అది నిజాముగారి రాజ్యము. 1886లో ఇద్దరు ఆంగ్లేయులకు, వాట్సను, స్టూవర్టు అనువారికి, రాజ్యములోని ఖనిజములను 99 సంవత్సరములు త్రవ్వుకొను నధికార మీయబడెను. ఆ యధికారమును పురస్కరించుకొని లండనులో హైదరాబాదు దక్కను కంపెనీ వెలసెను. దాని మూలధనము 10 లక్షల పౌనులని ప్రకటించిరి. చదువరులు ఈ సంఖ్యను జూచి భ్రమపడరాదు. ఒక్కొక్కటి 10 పౌనుల చొప్పున లక్ష వాటాలలో, 85 వేల వాటాలను సంస్థాపకులు తమకు దామే, పైక మేమియు చెల్లింపకయే, పూర్తిగ చెల్లించినట్లు వ్రాసికొనిరి. తక్కిన 15 వేల వాటాలపై మాత్రమే నిజముగ ధనము రావలసి యుండెను. గనిలో దిగు పనివానికి, యంత్రమునకు, రైలుకు కావలసిన ధనము ఈ కొద్ది భాగమునుండి. లాభములో హక్కు మాత్రము ఆ పెద్దభాగమునకు.

ఇంతటితో నాగినచో అది లోభమనిపించుకొని యుండెడిది. నిజాము ప్రభుత్వము తరపున ఈ వ్యవహారమును నడిపిన యుద్యోగి సర్దార్ దిలేర్ జంగ్ అను బిరుదు గల అబ్దుల్ హక్. రాజ్యము మేలు జూడవలసిన యాతడు సంస్థాపకులతో లోలోన పాలు గలిగియుండెను. తరువాత నిజాము ప్రభుత్వము ఆ కంపెనీ వాటాలను కొనదలచి ఆ పనిని ఆతనికే యప్పగించెను. ఆతడు బజారులో గొన్నట్లు చూపి తన వాటాలనే, ముఖవిలువకు మించిన ధరకు, తన ప్రభువునకే యమ్మెను. అమ్మువాడును తానే, కొనువాని పక్షమున బేరమాడువాడును తానే! కంచె చేను మేయుట యన నిదియే. పత్రికలలోను, సభలలోను ప్రశ్నలు రేగగా, 1888లో బ్రిటిషు పార్లమెంటు కామన్సు సభ విచారణ సంఘమును నియమించెను. అబ్దుల్ హక్ పదవినుండి తొలగింపబడెను.

ఈ కథను పాతకాలపు వింతగా తలపవలదు. ఇందులో మూడు దోషములు గలవు. మొదటిది, లేని మూలధనమును ఉన్నట్లు చూపుట. రెండవది, ఉభయపక్షముల లాభమును గోరువాడు తన సంబంధమును దాచుట. మూడవది, వాటాలు కొనువాడు ఎవరినుండి కొనుచున్నాడో అడుగకుండుట. 120 సంవత్సరముల పిమ్మట హైదరాబాదులోనే జరిగిన మరియొక ఘోరమున ఈ మూడింటికిని ప్రతిబింబములు కనబడినవి. దానికి బోవుటకు ముందు బొగ్గుగనుల కంపెనీ యేమయ్యెనో చెప్పుట యావశ్యకము.

1920 డిసెంబరు 23న, హైదరాబాదు కంపెనీల చట్టము క్రింద, సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టి, పాత కంపెనీ యాస్తులను అప్పులను గైకొనెను. 1945లో నిజాము ప్రభుత్వము దాని వాటాలలో నధికభాగమును కొనెను. అప్పటినుండి 1949 వరకు హైదరాబాదు కన్‌స్ట్రక్షను కంపెనీ మేనేజింగు ఏజెంటుగా నుండెను. ఈ మేనేజింగు ఏజెన్సీ పద్ధతి దేశమంతట వ్యాపించి యుండినది. వాటాదారులు కంపెనీని పెట్టుదురు. ఒప్పందముపై మరియొక సంస్థ దానిని నడుపును. నడుపు సంస్థకు లాభము రాకున్నను ప్రతిఫలము ముట్టును. 1936 సవరణ దీనికి 20 ఏండ్ల గడువును, 1956 చట్టము మరికొన్ని కట్టుబాట్లను బెట్టెను. తుదకు 1970 ఏప్రిలులో ఆ పద్ధతియే రద్దయ్యెను. 1956లో రాష్ట్ర పునర్విభజనతో సింగరేణిపై యధికారము ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు సంక్రమించెను. నేడు దానిలో 51 వంతులు తెలంగాణ ప్రభుత్వమువి, 49 వంతులు కేంద్రమువి.

సర్కారు కంపెనీ యైనంత మాత్రమున లెక్క యవసరము తీరలేదు, పెరిగినది. 1990 దశకమున సింగరేణి రెండుమార్లు రుగ్ణ పరిశ్రమల మండలి గుమ్మమెక్కవలసి వచ్చెను. పిమ్మట కోలుకొని లాభములలో కార్మికులకు పాలు పంచు స్థితికి వచ్చినది. యజమాని ప్రభుత్వము, ప్రధానమైన కొనుగోలుదారులలో ప్రభుత్వ విద్యుత్సంస్థలు, పాలకవర్గమును నియమించువారును ప్రభుత్వములే. ఒకే చేయి అమ్మును, కొనును, పర్యవేక్షించును. ఇట్టిచోట చట్టము కంప్ట్రోలరు ఆడిటరు జనరలునకు ఆడిటరును నియమించు నధికారము నిచ్చి, వార్షిక నివేదికను పార్లమెంటు నుభయసభల యెదుటను, రాష్ట్ర శాసనసభ యెదుటను ఉంచవలెనని విధించినది. ఆ నివేదికను తెరచి చదువు శాసనసభ్యు లెందరు? తమ సభ్యుని దానిని గూర్చి యడుగు ఓటరు లెందరు?

సత్యము పేరిట అసత్యము

1987లో హైదరాబాదున స్థాపింపబడిన సత్యం కంప్యూటర్సు ఇరువది యేండ్లలో 50 వేలకు పైబడిన యుద్యోగులతో, అమెరికా వాటాలబజారులో స్థానముతో, ఆంధ్రుల కీర్తిపతాకయై వెలిగెను. ఎన్నో తెలుగు కుటుంబములు తమ కుమారునకు అచ్చట కొలువు, తమ కూడబెట్టిన సొమ్మునకు అచ్చట వాటా కోరుకొనుచుండెను. 2008 సెప్టెంబరులో, కంపెనీ పాలనమున ఉత్తమ స్థానము వహించినదని దానికి గోల్డెన్ పీకాక్ పురస్కారము లభించెను. పాలకవర్గమున పేరుగాంచిన విద్వాంసులు స్వతంత్ర డైరెక్టర్లుగా నుండిరి. ఆడిటర్లు అంతర్జాతీయ ఖ్యాతిగలవారు. రిజిస్ట్రారునకు, సెబీకి, బజారునకు పంపవలసిన పత్రములన్నియు వేళకు చేరుచుండెను. చట్టము కోరిన కాగితమేదియు లోపింపలేదు.

2008 డిసెంబరు 16న పాలకవర్గము సమావేశమై, మేటాస్ అను పేరుగల రెండు కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనవలెనని తీర్మానించెను. ఆంగ్లాక్షరములలో సత్యము పేరును తలక్రిందులు చేసినచో మేటాస్ యగును. అవి అధ్యక్షుడు రామలింగరాజు కుటుంబమువారివి. కంప్యూటరు కంపెనీకి ఇండ్లు, రోడ్లు నిర్మించు కంపెనీ లేల? పండితులతో గూడిన పాలకవర్గము ఈ ప్రశ్నను దాటి పోయెను; వాటాదారులు దాటనీయలేదు. అమెరికాలో వాటాధర ఒక్కుమ్మడి పతనమయ్యెను, మదుపరుల నిరసనలు వెల్లువెత్తెను, గంటలలోనే తీర్మానము నుపసంహరింపవలసి వచ్చెను.

ఈ యుపసంహారమే కొంపను కూల్చెను. 2009 జనవరి 7న రామలింగరాజు తన డైరెక్టర్లకు వ్రాసిన లేఖలో సత్యమును వెల్లడించెను. బ్యాంకులలో 5,361 కోట్ల రూపాయలు గలవని 2008 సెప్టెంబరు పట్టికలో చూపగా అందులో 5,040 కోట్లు లేనే లేవు. రాని వడ్డీ 376 కోట్లు, చూపని యప్పు 1,230 కోట్లు, అధికముగ వ్రాసిన రావలసిన బాకీలు 490 కోట్లు; మొత్తము 7,136 కోట్లు. మేటాస్ కొనుగోలు ఈ లేని సొమ్ము స్థానమున ఉన్న యాస్తిని నింపుటకు జేసిన కడపటి యత్నమని ఆతడే యొప్పుకొనెను. ఆనాడు ఒక్క దినమున వాటా ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయెను. ప్రభుత్వము పాలకవర్గమును తొలగించి క్రొత్తవారిని నియమించి, మూడు నెలలలో టెక్ మహీంద్రకు అప్పగించుటచే వేలకొలది యుద్యోగములు నిలిచెను. 2015 ఏప్రిలు 9న ప్రత్యేక న్యాయస్థానము రామలింగరాజుతో గూడ పదిమందికి ఏడేండ్ల కారాగారము విధించెను. అందు ఆడిటు సంస్థకు జెందిన ఇద్దరు గలరు. మే నెలలో సెషన్సు న్యాయస్థానము శిక్షను నిలిపి, అప్పీలు విచారణ ముగియువరకు జామీను నొసగెను.

బ్యాంకులో సొమ్ము గలదా యనునది శాస్త్రజ్ఞానము కోరు ప్రశ్న కాదు. కల్లూరు అంగడిలో చిట్టా వ్రాయు గుమాస్తా సయితము బ్యాంకు పుస్తకముతో సరిచూచును. కంపెనీ చేతిమీదుగా వచ్చిన కాగితమును నమ్మక, బ్యాంకునుండియే నేరుగా నిర్ధారణ తెప్పించుకొన్నచో మోసము ఏండ్లకు ముందే బయటపడి యుండెడిది. అందరును ఒకరినొకరు నమ్మిరి: డైరెక్టర్లు ఆడిటర్లను, ఆడిటర్లు కంపెనీ కాగితములను, పురస్కారము నిచ్చినవారు డైరెక్టర్ల పేర్లను, వాటాదారులు పురస్కారమును. నమ్మకమొక గొలుసై సాగెను. పరీక్ష యే కొసను లేకపోయెను. ఆ వ్యవహారమంతట నిజముగ పనిచేసిన కాపలా యొక్కటే - డిసెంబరు 16వ నాటి వాటాదారుల కోపము.

2013 చట్టము

ఈ దెబ్బ తిన్న పిమ్మట వచ్చినది 2013 కంపెనీల చట్టము. బజారులో వాటాలు గల కంపెనీల డైరెక్టర్లలో కనీసము మూడవవంతు స్వతంత్రులు కావలెను. ఆడిటరు వ్యక్తియైనచో 5, సంస్థయైనచో 10 సంవత్సరములకు మించి యట్టి కంపెనీలో వరుసగ నుండరాదు. చిరపరిచయము కన్నులను మూయునని దీని భావము. డైరెక్టరు తనకును తన బంధువులకును గల సంబంధములను వెల్లడింపవలెను. అట్టి సంబంధముగల లావాదేవీలకు తగిన యామోదము పొందవలెను. మోసము కనబడినచో ఆడిటరు తానే ప్రభుత్వమునకు తెలుపవలెను. మోసము నిరూపితమైనచో పదేండ్ల వరకు కారాగారము. నష్టపడిన సభ్యులు కూడి ఒక్క వ్యాజ్యము వేయవచ్చును. ఆడిటర్లపై నిఘాకు 2018లో ప్రత్యేక సంస్థ యేర్పడినది. 1888 విచారణలో దేలిన దోషములకు శాసనరూపమున సమాధానము లభించుటకు నూటికి పైబడిన యేండ్లు పట్టెను.

చట్టము మంచిదే. కాని సత్యమునకును చట్టము కొరవడలేదు, కాగితములు కొరవడలేదు. ఇప్పుడును అదే జాడ్యము మరియొక రూపమున కనబడుచున్నది. ఏటేట సర్వసభ్య సమావేశము జరుపవలెను. జరిగిన 30 దినములలో లెక్కలను, 60 దినములలో వార్షిక వివరణమును దాఖలు చేయవలెను. ఆలస్యమైనచో ఒక్కొక్క పత్రమునకు దినమునకు 100 రూపాయల అదనపు రుసుము. వరుసగ 3 సంవత్సరములు మానినచో డైరెక్టరు 5 ఏండ్లవరకు అనర్హుడు. 2017లో కేంద్రప్రభుత్వము 2 లక్షలకు పైబడిన కంపెనీలను పట్టికనుండి కొట్టివేసి, సుమారు 3 లక్షల డైరెక్టర్లను అనర్హులని ప్రకటించెను. వీరిలో మోసగాండ్రును గలరు. బంధువు కోరినాడని చేవ్రాలు చేసి, తాను డైరెక్టరునను సంగతియే మరచిన యమాయకులును గలరు. ఈ భయముచే నేడు పత్రములు వేళకు దాఖలగుచున్నవి, చాల సంతోషము. కాని సమావేశము జరిగినట్లు తీర్మానము టైపు చేయించి, ఇంటింటికి పంపి చేవ్రాలు సేకరించుట సమావేశము కాదు. దాఖలా వేరు, లెక్క చెప్పుట వేరు. మొదటిది రిజిస్ట్రారును తృప్తిపరచును. రెండవది సభ్యుని సొమ్మును రక్షించును.

చిన్న వ్యాపారికి ఇన్ని నిర్బంధము లేల యని కొందరి ఆక్షేపణ. అందు కొంత న్యాయము లేకపోలేదు. మారుమూల పట్టణమున నలుగురన్నదమ్ములు నడుపు కంపెనీకిని, లక్షలాది వాటాదారుల కంపెనీకిని ఒక్కటే కొలబద్ద తగదు. అందుచేతనే చిన్న కంపెనీల పాలకవర్గము ఏటికి రెండుమార్లు కూడిన చాలునని చట్టము సడలించినది. 2020 సవరణ పెక్కు సాంకేతిక దోషములను కారాగారమునుండి తప్పించి జరిమానాకు పరిమితము చేసినది. ఈ సడలింపులను మేము హర్షింతుము. కాని ఇతరుల సొమ్ము చేరిన క్షణమున సడలింపు వాదము ఆగిపోవలెను. కంపెనీ యనగనే మోసమనియు తలపరాదు. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున లక్ష రూపాయల చెల్లింపు మూలధనముతో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 2020లో యూనియను బ్యాంకులో విలీనమగువరకు దాదాపు నూరేండ్లు తెలుగువారి సొమ్మును కాపాడినది. అదియును కంపెనీ రూపముననే పుట్టినది.

ఉత్పత్తిదారుల కంపెనీ

ఇక మన సీమ రైతునకు మిక్కిలి సమీపమైన విషయము. 2002 సవరణ మూలమున ఉత్పత్తిదారుల కంపెనీ యను క్రొత్త జాతి చట్టములో చేరినది. సహకార సంఘపు ధర్మమును, కంపెనీ క్రమమును కలుపుట దీని యుద్దేశము. పదిమంది ఉత్పత్తిదారులు కూడిన చాలును. వాటాలు బజారులో నమ్మబడవు. ఒక్కని కెన్ని వాటాలున్నను ఓటు ఒక్కటియే: ఎకరము మిరపతోట వానికిని, ఇరువది యెకరముల మామిడితోట వానికిని ఒకే ఓటు. 2020లో కేంద్రప్రభుత్వము 10 వేల రైతు ఉత్పత్తిదారుల సంస్థలను నెలకొల్ప సంకల్పించి, నిర్వహణమునకు మూడేండ్లలో 18 లక్షల వరకు, సభ్యుల వాటాధనమునకు సమానముగ 15 లక్షల వరకు సాయము ప్రకటించెను. 2025 ఫిబ్రవరితో ఆ సంఖ్య పూర్తియైనదని చెప్పెను. వీనిలో కొన్ని సహకార చట్టము క్రిందను, పెక్కు కంపెనీ చట్టము క్రిందను నమోదైనవి.

సాయముతో పుట్టిన సంస్థ సాయము ఆగిన నాల్గవయేట నిలుచునా యనుటయే యసలు పరీక్ష. అది సభ్యుల విశ్వాసముపై నాధారపడును. విశ్వాసము లెక్కపై నాధారపడును. పాలకవర్గము మూడు నెలల కొకమారు కూడవలెనని, సర్వసభ్య సమావేశమునకు 14 దినములు ముందుగ నోటీసుతో బాటు ఆడిటైన లెక్కలను, గత సమావేశపు తీర్మానములను పంపవలెనని, సభ్యులలో నాల్గవవంతు వచ్చిననే సభ చెల్లునని, డైరెక్టరునకు గాని యాతని బంధువునకు గాని అప్పు నిచ్చుటకు సర్వసభ్య సమావేశము సమ్మతి కావలెనని ఈ ప్రత్యేక విధులు శాసించుచున్నవి. చట్టమునకు విరుద్ధమైన తీర్మానమునకు ఓటిచ్చిన డైరెక్టర్లు దానివలని నష్టమును తామే పూడ్చవలెను.

ఒక యుదాహరణము ననుకొందము. కంపెనీ సభ్యుల మిరపకాయలను ఖమ్మములోని శీతల గిడ్డంగిలో నిలువచేయ దలచినది. ఆ గిడ్డంగి డైరెక్టరు బావమరిదిది. అద్దె న్యాయమైనదే కావచ్చును. చట్టము బావమరిదితో బేరము వలదనలేదు, చెప్పి చేయుమన్నది. సభలో "ఇది మా బంధువుది, ఇతర గిడ్డంగుల అద్దె లివి, మీరు నిర్ణయింపుడు" అని చెప్పి తాను తప్పుకొన్న డైరెక్టరు గౌరవము పెంచుకొనును. చెప్పక చేసినవాడు, అద్దె నలుగురికంటె తక్కువయైనను, అబ్దుల్ హక్ నడచిన బాటలో మొదటి యడుగు వేసినవాడే యగును.

ఇచ్చట మన పాఠకులగు భూస్వాములతో ఒక్కమాట చెప్పక తప్పదు. ఊరిలో పెద్దరైతు సహజముగ డైరెక్టరు పదవికి బిలువబడును. దానిని పూర్వపు పెత్తందారీ మర్యాదగా స్వీకరింప వలదు. మీరు ధర్మకర్తలు, మాన్యము మీది కాదు. సన్నకారు రైతు మీ మొగము జూచి వాటా పుచ్చుకొనును, మీ మొగము జూచియే ప్రశ్న నడుగ జంకును. ఆ జంకును పోగొట్టుట మీ మొదటి విధి. ప్రశ్నించినవానిని "నన్ను నమ్మవా?" యని గద్దించుట మానుడు. లెక్క యడుగుట అవమానము కాదు. లెక్క చెప్పలేకపోవుట యవమానము.

లెక్క యడుగువారు వాటాదారులు మాత్రమే కారు. డైరెక్టరు సభ్యుల మేలునే గాక, ఉద్యోగుల, సమాజముయొక్క, ప్రకృతియొక్క రక్షణమును గూడ చూడవలెనని 2013 చట్టపు 166వ విభాగము విధించుచున్నది. భద్రాచలపు టడవి యంచున నున్నవారికి దీని యర్థము వేరుగ జెప్పనక్కరలేదు. షెడ్యూల్డు ప్రాంతమున ఆదివాసేతరులకు భూమి సంక్రమింపరాదను నిబంధన ప్రైవేటు కంపెనీలకును వర్తించునని, అచ్చటి గనుల కౌలు చెల్లదని 1997లో సుప్రీముకోర్టు సమతా తీర్పున నిర్ణయించెను. కంపెనీ వ్యక్తియని చెప్పి హక్కులు కోరినచో, వ్యక్తికి గల నిషేధములును దానికి దగులును. ఇది న్యాయము.

సభ్యుడు చేయవలసినది

న్యాయవాదియో, ఆడిటరో కానక్కరలేదు. ప్రతి సభ్యుడును ఏటి కొకమారు సభకు బోయి ఐదు ప్రశ్నలు వేసిన చాలును. బ్యాంకులో సొమ్మెంత, ఆ సంగతి బ్యాంకే చెప్పినదా? మనకు రావలసిన బాకీలలో ఏడాది దాటిన వెన్ని, బాకీదారులెవరు? డైరెక్టర్లతోను వారి బంధువులతోను జరిగిన బేరము లెవ్వి? ఆడిటరు తన నివేదికలో ఏయే మినహాయింపులు వ్రాసెను? గతయేడు చేయుదుమన్న పనులలో చేసిన వెన్ని? సమాధానము దొరకినచో తీర్మానమున వ్రాయింపుడు. దొరకనిచో అదియును వ్రాయింపుడు. వ్రాయబడిన ప్రశ్నకు గల బలము కేకకు లేదు. చదువు రానివాడు చదివిన కుమార్తెను వెంటబెట్టుకొని లెక్కలను ముందుగ చదివించుకొనవలెను. పట్టణమున వాటాలు గొన్నవారు ఇంటినుండియే ఓటు వేయు సదుపాయము గలదు. దానిని వ్యర్థపరుప వలదు.

చట్టము గోడ కట్టగలదు, తలుపు పెట్టగలదు, తాళము చేతికీయగలదు. కాని కావలి కూర్చుండవలసినవాడు ఇంటి యజమానియే. ఇల్లెందు బొగ్గును లండనులో వాటాలుగ నమ్ముకొన్ననాడు యజమాని నిదురించెను. సత్యములో ఏండ్ల తరబడి నిదురించి ఒక్క రాత్రి మేల్కాంచెను. ఆ యొక్క రాత్రి మెలకువయే దొంగను బట్టియిచ్చెను. కల్లూరులోను, ఆ చుట్టుప్రక్కల గ్రామములలోను నేడు వెలయుచున్న రైతుల కంపెనీలు ఇంకను పసివి; వానిలోని సొమ్ము కొద్దిది; మోసమునకు వేళ్లు పాతుకొను వ్యవధి యింకను లేదు. అలవాట్లు నేర్పవలసిన వయస్సు ఇదియే. రాబోవు సర్వసభ్య సమావేశపు నోటీసు చేరిననాడు దానిని పంచాంగము వెనుక దోపక, తేదీని గుర్తు పెట్టుకొని, లెక్కల కాగితమును చేతబట్టి సభకు బోవుడు.